నిమ్మకాయ పెట్టెకు జోడు

పెట్టె బోర్లించి మూత తెరిచి, "నేను దిగమన్నదాంక దిగదు, సూడుండ్రి" అని మహీధర్ ఇంకా అంటూనే ఉన్నాడు, ఆ కొయ్య నిమ్మకాయ కాస్తా టపీమని రాలి స్టేషన్ ఘన్‌పూర్ బడి వరండాలో దొర్లుకుంటూ పోయింది. పిల్లలు గొల్లున నవ్వారు. "సార్, మీ నిమ్మకాయ తొందరవడ్డది!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. మహీధర్ పైకి నవ్వాడు గానీ, అరికాలి మంట నెత్తికెక్కింది.

జనగామ నుంచి భూపాలపల్లి దాకా బడుల్లో మ్యాజిక్ చేసుకుని బతికేవాడికి ఇదేం చిన్న అవమానమా? పైగా ఆ పెట్టె ఇంకా అతనిది కాలేదు. గురువు ప్రేమ్‌సింగ్‌ది. దంతాలపల్లి దగ్గరి తండా మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక పెట్టెను శిష్యుడికిచ్చి, "రెండేండ్లు ఆడించి మల్ల నాకు సూపియ్యి. పానంతోని ఉంటే నీదే. సచ్చిందంటే మా మనుమరాలు ప్రియకిస్త, అదీ నేర్సుకుంటున్నది" అన్నాడు. ఆ చూపించే రోజు వచ్చే శనివారమే. తండా బడిలో వార్షికోత్సవం. ముసలాయన ముందు వరసలోనే కూర్చుంటాడు.

పెట్టె మర్మమంతా అడుగు చెక్కల మధ్య దాచిన పాత అయస్కాంతంలో ఉంది. లాడం ఆకారంలో ఉంటుంది. నిమ్మకాయ లోపల ఇనుప గోలీ. అయస్కాంతం పట్టుకున్నంతసేపు కాయ నిలుస్తుంది, బొటనవేలితో మీట నొక్కితే అయస్కాంతం పక్కకు జరిగి కాయ పడుతుంది. అలాంటిది, ఇప్పుడు గుండుసూది కూడా దాని మాట వినడం లేదు.

స్పీకర్ నుంచి ఊడదీసిన అయస్కాంతంతో దాన్ని పొద్దంతా ఒకే దిక్కుకు రుద్దాడు. కాయ కాస్త ఆగి పడింది, అంతే. ఆన్‌లైన్లో బిళ్లంత కొత్త అయస్కాంతం తెప్పించి బిగించాడు. దాని దుంప తెగ! అది పట్టిన పట్టు మీట నొక్కినా వదల్లేదు. "దిగు! దిగవే!" అని అరిచినా కాయ దిగలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

"ఆ కూలర్ బంద్ చెయ్యి జర! దాని లొడలొడకు తల పగులుతున్నది" అని భార్య సంధ్య మీద ఎగిరాడు.

"ఊగకుండ కాలు కింద ఇనుప ముక్క పెట్టింది నువ్వే గద! ఇంక సప్పుడు చేస్తే నేనేం చేయాలె? అత్త మీది కోపం దుత్త మీద తీస్తే ఎట్ల?" అంది సంధ్య.

చివరికి ఆ పాత లాడమే పట్టుకుని జనగామలో మోటార్లకు తీగ చుట్టే రంజిత్ దగ్గరికి పరుగెత్తాడు. రంజిత్ లాడం చుట్టూ రాగితీగ చుట్టి లారీ బ్యాటరీ కరెంటు వదిలాడు. తీగ కాలిపోయింది గానీ ఏమీ జరగలేదు. మళ్లీ లావు తీగ చుట్టి, రెండు బ్యాటరీలు కలిపి, రెప్పపాటు కరెంటు తగిలించి తీసేశాడు. ఫట్టున నిప్పురవ్వ లేచింది. పక్కనున్న నట్టు జరజరా వచ్చి లాడానికి అతుక్కుంది. "హమ్మయ్య!" అని మహీధర్ అక్కడే కూలబడ్డాడు.

శనివారం నిమ్మకాయ నిలిచింది. దిగమన్నప్పుడే దిగింది. తండా పిల్లలు ఈలలేశారు. ప్రేమ్‌సింగ్ పళ్లు లేని నోటితో పకపకా నవ్వి, పెట్టెను ఒళ్లోకి తీసుకుని అలవాటైన వేళ్లతో అడుగు చెక్క జరిపాడు. లోపల తడిమి చూశాడు. నవ్వు ఆగింది.

"జోడేది?"

"ఏం జోడు బాపు?"

"ఏం జోడంటవేందిరా! లాడం మూతికి అడ్డంగ ఇనుప ముక్క ఉండె గద. ఆట కాంగనే పెట్టాలె. జోడు లేకుంటే దాని సత్తువంత కారిపోతది. ఇచ్చిననాడే సెప్పలేదా?"

చెప్పాడు. మహీధర్‌కు అంతా గుర్తొచ్చింది. పోయిన దసరాకు ఆయుధ పూజ చేస్తూ, పెట్టెలోని సామాన్లన్నీ విడదీసి, తుడిచి, ఒక్కోదానికి బొట్టు పెట్టింది అతనే. ఆ ముక్కకూ భక్తిగా పెట్టాడు. సర్దేటప్పుడు, ఆటలో దీనితో పనేముందిలే అని మూలన కుంటుతున్న కూలర్ కింద తోశాడు.

ఇంట్లో భద్రంగా ఉందని అబద్ధమాడొచ్చు. నోరు రాలేదు. "కూలర్ కాలు కింద పెట్టిన బాపు" అన్నాడు.

ముసలాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాయ నిలవడ్డది, సంబరమే. గాని నీ దగ్గర ఇది మల్ల సస్తది కొడుకా" అని పెట్టెను పక్కనే కూర్చున్న ప్రియ చేతిలో పెట్టాడు.

బస్సులో దారిపొడుగునా మహీధర్ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇంటికి రాగానే కూలర్ ఎత్తి ముక్కను బయటికి లాగాడు. తుప్పు పట్టింది. ఓ మూల కుంకుమ ఇంకా ఉంది.

"పెట్టెనే పాయె, ఇగ గా ముక్కెందుకు?" అంది సంధ్య.

"పోతే నాకు పోయింది. దాని పానం పోవద్దు గద!" అంటూ గరుకు కాగితం తీసి తుప్పు రుద్దడానికి కూర్చున్నాడు.

తెల్లారి మొదటి బస్సుకే తండా చేరాడు. ప్రియ అడుగు చెక్క జరిపింది. మహీధర్ ముక్కను దగ్గరికి తీసుకుపోగానే వేళ్లలోంచి గుంజుకుని టక్కున అతుక్కుంది. మంచం మీద పడుకున్న ముసలాయన ఆ చప్పుడుకు కళ్లు తెరిచాడు.

ప్రియ ముక్కను పట్టుకుని గుంజింది. రాలేదు.

"గుంజితే రాదు బిడ్డా, పక్కకు జరపాలె" అన్నాడు మహీధర్. "ఆట కాంగనే మల్ల పెట్టాలె. జోడు లేకుంటే దాని సత్తువంత..." మంచం మీద నుంచి ప్రేమ్‌సింగే ఆ మాట పూర్తి చేశాడు.