చెమ్మ మింగిన చక్రం

మా తాతయ్య పోయాక మిగిలిన ఫొటో ఒక్కటే. కొత్త సైకిలు పట్టుకుని, దాన్ని తనే తయారుచేసినట్టు నిలబడి ఉంటాడు. వానలు మొదలయ్యాక ఆ ఫొటో కింది మూల నుంచి చెమ్మ ఎక్కసాగింది. ముందు సైకిలు చక్రం మసకబారింది. తర్వాత బూట్లు. నేను ఫ్రేము మీద పెన్సిలుతో గీతలు పెట్టి, ఏ రోజుకు ఎంత పాకిందో డైరీలో రాసుకునేదాన్ని. ఆ లెక్కన ఇంకో నెలకు మోకాళ్ళు, చలికాలానికి ముఖం.

ఫొటో తగిలించిన గోడకు అవతల స్నానాల గది.

"మీ నాన్న గంటసేపు వేడినీళ్ళు పోసుకుంటే గోడకు చెమట పట్టదా మరి," అంది అమ్మ నాతో.

"నా స్నానానికీ మా నాన్న సైకిలుకీ ముడిపెట్టకు," అన్నాడు నాన్న.

"ఆ ఆవిరిలో ఆయనకు ఊపిరాడొద్దట్రా?" అంది నానమ్మ.

ఆ రోజు నుంచి నాన్నకు చన్నీళ్ళే. వణుకుతూ బయటికొచ్చి, ఫొటో వంక ఓ చూపు చూసి వెళ్ళేవాడు.

పది రోజులైనా నా గీతలు ఆగలేదు. బాబాయీ నేనూ ఫొటోను ఫ్రేముల షాపుకు తీసుకెళ్ళాం. షాపాయన వెనక మేకులు పీకి, అట్టను వేలితో నొక్కుతూ వచ్చాడు.

"గోడ చెమ్మయితే అట్టంతా మెత్తబడాలి బాబూ. పైన గట్టిగానే ఉంది, కింది అంచే నానింది. అద్దం మీంచి నీళ్ళు కారి లోపలికి దిగుతున్నాయి. ఎవరైనా తడిగుడ్డతో తుడుస్తున్నారా?"

"మా ఇంట్లో దుమ్ము దులిపితేనే గొప్ప," అన్నాడు బాబాయి.

నేను నా చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను. నానమ్మ పక్కన పడుకునేది నేనొక్కదాన్నే. రోజూ అందరికంటే ముందు లేచి, గుడ్డ తడిపి, పిండీ పిండకుండా "ముఖం కడుక్కోండి" అంటూ ఆమె తాతయ్యను తుడవడం నాకే తెలుసు.

షాపాయన ఫొటోను మెల్లగా ఊడదీశాడు. చక్రం మాత్రం అద్దానికే అంటుకుని ఉండిపోయింది. రెండు రోజులు ఆరబెట్టి, కొత్త అద్దానికి తగలకుండా చుట్టూ మందపాటి అట్ట పెట్టి బిగించాడు. వెనక గాలి ఆడాలని కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అంటించాడు. ఇంటికి తెచ్చి ఎదుటి గోడకు తగిలించాం.

చెబితే నానమ్మ నొచ్చుకుంటుంది. చెప్పకపోతే తాతయ్య ముఖం పోతుంది. మర్నాడు పొద్దున్నే ఆమె చెంబు అందుకోగానే లేచి, పొడి తువ్వాలు చేతికిచ్చాను.

"నానమ్మా, తాతయ్య స్నానం అయిపోయింది. ఇక తుడిస్తే చాలు."

ఆమె తువ్వాలు వంక చూసింది, చెంబు వంక చూసింది.

"నా నీళ్ళేనా?"

తలూపాను. నానమ్మ చెంబు కింద పెట్టింది.

"బతికున్నప్పుడూ అంతే. నీళ్ళంటే ఆమడ దూరం," అంది. "మీ నాన్నకు ఇప్పుడే చెప్పకు. ఇంకో రెండు రోజులు చన్నీళ్ళు పోసుకుంటే అరిగిపోడులే."

అద్దం మెల్లగా తుడుస్తూ కింది మూల దగ్గర ఆగింది.

"చక్రమేదే?"

"రాలేదు నానమ్మా. పాత అద్దానికే ఉండిపోయింది."

"పోనీలే. పొద్దున ఆ సైకిలెక్కితే చీకటి పడితే గానీ ఇల్లు గుర్తొచ్చేది కాదు ఈయనకి," అంది నానమ్మ, తువ్వాలు మడిచి భుజాన వేసుకుంటూ. "ఇప్పుడెలా పోతారో చూస్తాను."