ఆరోన్ తాళం

"పాసయ్యామయ్యా! సర్టిఫికెట్ వచ్చేసింది!"

ఆఫీసు గది గుమ్మంలోంచి యజమాని వెంకటసుబ్బారావు గారు కేక పెట్టేసరికి తిరుపతిరావు వెల్డింగ్ రోబో కంచె వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలుపు తెరిస్తే రోబో ఆగాలి. ఆగలేదు. పొద్దుటి పరీక్ష కోసం ఉత్తినే తిప్పుతున్న ఆ పసుపుపచ్చ ఇనుప చెయ్యి, కంచె లోపల బస్సు చట్రం మీద వంగి, లేచి, పక్కకు తిరిగి, మళ్లీ వంగుతోంది. తలుపు మూసి ఇంకోసారి తెరిచాడు. అది తన మానాన తాను వంగింది.

షెడ్డంతా చప్పట్లు. ఎవరో బందరు లడ్డూల పెట్టె విప్పారు. ఇనుము కాలిన వాసనలోకి నెయ్యి వాసన దూరింది.

"ఏమయ్యా పెళ్లికొడకా, రావేం? సగం పుణ్యం నీదే!" అన్నారు యజమాని.

తిరుపతిరావు తలుపు మూసి, చేతులు తుడుచుకోకుండానే వెళ్లి లడ్డూ అందుకున్నాడు.

ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే ఆ షెడ్డులో రోబో పని చేస్తోందో లేదో చూసేవాళ్లు చాలామంది. ఆగుతోందో లేదో చూసేది తిరుపతిరావు ఒక్కడే. ఎర్ర బొత్తాం నొక్కుతాడు, ఆగాలి. ముందువైపు కనిపించని వెలుతురు తెరలో కర్ర పెడతాడు, ఆగాలి. ముందు తలుపు తెరుస్తాడు, ఆగాలి. చివరికి వెనక తలుపు. అంతా అయ్యాక బొటనవేలెత్తి చూపిస్తే పని మొదలవుతుంది. నలభై దాటిన మనిషి. చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ముక్కు మీద కళ్లజోడు చేసిన రెండు గుంటలు. పటమటలో ఒక గది, కర్రీ పాయింటు పప్పు, ఆదివారం బట్టల ఉతుకుడు. ఏళ్లన్నీ ఒకే చొక్కాలా గడిచాయి.

శ్రావణంలో పెళ్లయింది. ఆ గదికే కిటికీ తెర వచ్చింది, అద్దం మీద బొట్టుబిళ్లలు వచ్చాయి. చొక్కా గుండీ ఊడితే ఇన్నాళ్లూ ఊడినట్టే ఉండేది. ఇప్పుడు ఛాయాదేవి పిన్నీసు ఒకటి జేబులో వేసి మరీ పంపుతోంది. పొద్దున సరిగ్గా అతను వెనక తలుపు దగ్గరికి వచ్చే వేళకి ఫోను చేస్తుంది.

"డబ్బా విప్పారా?"

"ఇంకా లేదు."

"విప్పకుండా చెప్పండి, ఏం కూరో."

"దొండకాయ?"

"కాదు."

"బీరకాయ పాలు పోసి?"

"అమ్మో, వాసన చూశారు! తొండి!"

కంచె స్తంభానికి ఆనుకుని నవ్వుతూ కూరలన్నీ తిరిగొచ్చేవాడు. మాట ముగిసేసరికి అందరూ అతని బొటనవేలి కోసం చూస్తూ ఉండేవారు. ఎత్తేవాడు. వెనక తలుపు తెరవకుండా మూసినట్టే ఉండిపోయేది.

ఇవాళ ఆమె ఇరుగుపొరుగుతో కార్తీక స్నానానికి కృష్ణకు వెళ్లింది. ఫోను ఇంట్లో పెట్టి వెళ్లింది. అందుకని తిరుపతిరావు వెనక తలుపు తెరిచాడు.

లడ్డూ నోట్లోనే ఉండగా మళ్లీ అక్కడికి వెళ్లాడు. తలుపు చట్రం మీద దసరా నాటి బంతిపూల దండ ఎండి వేలాడుతోంది. తీసేద్దామని ఒకసారి చెయ్యి పెడితే ఊడ్చే సన్యాసమ్మ ఊరుకోలేదు. "పూజ దండ తెంపకూడదు బాబూ, దానంతటదే రాలాల," అంది. ఇప్పుడు దాన్ని పక్కకు జరిపాడు. ఎండిన రేకులు చొక్కా మీద రాలాయి. దండ వెనక, తలుపు మూసి ఉందో లేదో కనిపెట్టే చిన్న పెట్టెకు ఆనుకుని ఒక నల్లటి అయస్కాంతం బిళ్ల. ఇనుప రజను పట్టి ముళ్లపందిలా ఉంది.

అది అతను పెట్టిందే. తలుపుకు అలాంటి బిళ్లే ఉంటుంది. అది పెట్టెకు దగ్గరగా ఉన్నంతసేపూ తలుపు మూసి ఉందని రోబో నమ్ముతుంది. ఆయుధపూజ నాడు యజమాని గారి అమ్మగారు హారతి ఇస్తూ, "ఇది వంగి దణ్ణం పెట్టదా నాయనా?" అని అడిగారు. తలుపు తెరిస్తే కదలదు, మూస్తే హారతి అందదు. తిరుపతిరావు అదనపు బిళ్ల తెచ్చి అక్కడ అంటించాడు. రోబో వంగింది. అందరూ నవ్వారు, ఫొటోలు తీసుకున్నారు. అప్పుడే జేబులో ఫోను మోగింది. పులిహోరలో ఇంగువ వెయ్యాలా అని ఛాయాదేవి. అంతే, బిళ్ల అక్కడే ఉండిపోయింది.

భద్రతా సర్టిఫికెట్ తనిఖీకి పుణె నుంచి వచ్చినాయనకు ముందు తలుపు తెరిచి చూపించాడు. "వెనకది?" అని అడిగితే, "సేమ్ అండి" అన్నాడు. భోజనాల వేళ. ఆయన తలూపాడు.

అదైనా మనసును అంతగా కోయలేదు. కోసింది ఆరోన్ సంగతి.

రెండు వారాల కిందట వెల్డింగు ముక్కు శుభ్రం చెయ్యడానికి లోపలికి వెళ్లిన ఆరోన్‌ను ఇనుప చెయ్యి భుజం మీద కొట్టింది. తలుపు తెరిచే వెళ్లాననీ, అది ఆగలేదనీ అతను మొత్తుకున్నాడు. యజమాని తిరుపతిరావు వైపు చూశారు. ఆ సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ఛాయాదేవి అతని కోసం ఎదురు చూస్తోంది. హడావిడిగా ముందు తలుపు ఒక్కటీ తెరిచి చూసి, "తలుపులు బాగానే ఉన్నాయండి" అన్నాడు. అయితే కంచె దూకాడన్నమాట అని తేల్చేశారు. ఆరోన్‌ను పనిలోంచి తీసేశారు.

తిరుపతిరావు బిళ్లను పెరికి జేబులో వేసుకుని తలుపు తెరిచాడు. రోబో టక్కున ఆగింది. ఇంత తేలికా! ఇక ఎవరికీ ఏమీ తెలియదు. జేబులో బిళ్ల ఛాయాదేవి పిన్నీసును పట్టుకుంది. విడదీశాడు. మళ్లీ పట్టుకుంది.

మధ్యాహ్నం ఆరోన్ వచ్చాడు, తన సామాను తీసుకుపోవడానికి. ఎడమ చెయ్యి మెడలో కట్టిన గుడ్డలో ఉంది. కుడి చేత్తోనే పాత చొక్కా, డబ్బా సంచిలో వేసుకున్నాడు.

"ఏం తిరుపతన్నా, పౌడరు ఇంకా దట్టంగానే కొడుతున్నావ్?"

తిరుపతిరావు నవ్వలేకపోయాడు. "తిన్నావా?" అన్నాడు.

"సర్టిఫికెట్ లడ్డూ అంట, సన్యాసమ్మ పెట్టింది. తియ్యగానే ఉంది."

రోబో మెయిన్ స్విచ్ పక్క బోర్డు మీద అందరి ఎర్ర తాళాలూ నోళ్లు తెరుచుకుని వేలాడుతున్నాయి. లోపలికి వెళ్లేవాళ్లు స్విచ్‌కు తమ తాళం వేసి చెవి జేబులో పెట్టుకోవాలని కొత్తగా వచ్చిన కట్టుబాటు; చిన్నాచితకా పనికి ఎవరూ వేసేవారు కాదు. ఎవరి తాళం వారే తీయాలి అని యజమాని స్వయంగా గోడ మీద రంగుతో రాశారు. ఆరోన్ తన తాళాన్ని ఒకసారి వేలితో ఊపాడు.

"తాళం మీది. చెవి మటుకు నా దగ్గరే ఉంచుకుంటాలే అన్నా, గుర్తుగా." గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "నేను దూకలేదన్నా. నువ్వయినా నమ్ము."

చెప్పెయ్యాలి. మొన్న కొన్న కుట్టుమిషను, అద్దం మీది బొట్టుబిళ్లలు కళ్లముందు తిరిగాయి. "జాగ్రత్తగా వెళ్లు" అన్నాడు. ఆరోన్ సంచి భుజాన వేసుకుని బస్టాపు వైపు నడిచాడు. ఎవరూ పని ఆపలేదు.

డబ్బా విప్పితే గుత్తివంకాయ. అతనికి ప్రాణం. రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు.

సాయంత్రం షెడ్డు ఖాళీ అయ్యాక ఆఫీసు గదిలోకి వెళ్లి బల్ల మీద బిళ్ల పెట్టాడు. అది జరిగి లడ్డూల స్టీలు పళ్లేనికి టప్పున అతుక్కుంది.

"ఆరోన్ దూకలేదండి. తలుపు తెరిచే వెళ్లాడు. పూజనాడు పెట్టిన బిళ్ల నేను తియ్యలేదు."

వెంకటసుబ్బారావు గారు చాలాసేపు పళ్లెం వైపే చూశారు. "ఇప్పుడు తీశావుగా?"

"తీశానండి."

"ఇంకేం మరి! సోమవారం చూద్దాంలే. నువ్వు కొత్తగా సంసారం పెట్టినోడివి, నోరెత్తకు."

"అతనికీ సంసారం ఉందండి."

ఆయన ఫోను అందుకుని ఎవరితోనో సర్టిఫికెట్ కబురు మొదలుపెట్టారు. తిరుపతిరావు బయటికి వచ్చాడు. మెయిన్ స్విచ్ దించాడు. బోర్డు మీంచి ఆరోన్ తాళం తీసి స్విచ్‌కు తగిలించి నొక్కాడు. చప్పుడు షెడ్డంతా వినిపించింది.

యజమాని పరుగున వచ్చారు. "ఇదేం పనయ్యా! చెవేదీ?"

"అతని దగ్గరే ఉందండి."

"కట్టరు పెడితే క్షణం పని."

"అవునండి. పుణె వాళ్లకు మటుకు నేనే ఫోన్ చేసి చెప్తాను, వెనక తలుపు చూపించలేదని. తరవాత నన్ను తీసేయండి."

కట్టరు ఎదురుగానే, బెంచీ మీద ఉంది. వెంకటసుబ్బారావు గారు దాన్ని చూశారు, గోడ మీది తన రాత చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వాడిది ఏ ఊరూ?"

"చల్లపల్లి అవతలండి."

కట్టరును బెంచీ మీదే వదిలేసి, కారెక్కి వెళ్లిపోయారు.

తిరుపతిరావు ఇంటికి ఫోను చేశాడు.

"ఏం కూరో చెప్పనే లేదు!" అంది ఛాయాదేవి.

"గుత్తివంకాయ. ఛాయా, రేపు అనుకున్న భవానీ ద్వీపం షికారు వద్దు. తెల్లవారుతూనే చల్లపల్లి బస్సెక్కుదాం. చర్చి వదిలే వేళకి ఆరోన్ ఇంటి దగ్గర ఉండాలి. అతనికి ఒక మాట చెప్పాలి, నీక్కూడా. విన్నాక నువ్వు నన్ను తిట్టచ్చు."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"తిట్టేది బస్సులో తిడతాలెండి," అంది మెల్లగా. "ఉత్త చేతులతో వెళ్లకూడదు. రాత్రికి అరిసెల పిండి కలుపుతాను."

దీపాలు ఆర్పి గేటు వేశాడు. వీధి దీపం వెలుగు రేకుల సందులోంచి చీకట్లోకి ఒక్క చారగా పడింది. ఆ చారలో, స్విచ్‌ను కరిచి పట్టుకుని, ఆరోన్ ఎర్ర తాళం.