రెండు వేళ్ళు దిగిన ముడి

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ. ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు, నీ కళ్ళు లేతవి. ఎక్కించాక లేచిపోకు. పొద్దుటినుంచీ ఒక మనిషి గుర్తుకొచ్చి గుండె పీకుతోంది. అమ్మమ్మ సోది మొదలెట్టిందనుకోకుండా విను.

మీ అమ్మ ఇంకా పుట్టక ముందు నేనొక కుట్టు దుకాణంలో పనిచేసేదాన్ని. ఆరు మిషన్లు, ఒకటే కిటికీ. ఆ కిటికీ వెలుతురును నేనూ, గలగల అనే పిల్లా పంచుకునేవాళ్ళం. ఆ పేరు మేము పెట్టిందే. అది నవ్విందంటే ఆరు మిషన్ల చప్పుడూ దాని కింద అణిగిపోయేది.

"నీ నోటికి రెండు కుట్లు వెయ్యాలే," అన్నాడొకసారి దుకాణం యజమాని.

"ముందు మీ చొక్కాకి గుండీ వేయించుకోండి సారూ, బొజ్జ బయటికి తొంగి చూస్తోంది!"

యజమాని కూడా నవ్వేశాడు. దాని మాటకి ఎవరికీ కోపం వచ్చేది కాదు.

నాకు అక్షరాలు అంతంతమాత్రం. అంకె రాస్తే ఆరు కాస్తా తొమ్మిదయి కూర్చునేది. అందుకని మా ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేటప్పుడు కొలతలకు దారానికి ముడులు వేసుకునేదాన్ని. మనిషికో దారం, నా మిషను పక్కన మనిషికో మేకు. పైనుంచి మొదటి ముడి దాకా చెయ్యి పొడుగు, రెండో ముడి దాకా నడుము. గలగలది ఎర్ర దారం. మోచేతికి బాగా పైకుండే పొట్టిచేతులంటే దానికి ప్రాణం.

దాని మొగుడు మిషన్లు బాగుచేసేవాడు. నూనె డబ్బా పట్టుకుని వచ్చి, పిలవకపోయినా ప్రతి మిషనునూ పలకరించి వెళ్ళేవాడు. గట్టిగా మాట్లాడితే ఎవరూ విని ఎరగరు. కాజాలు కుట్టే అత్త అయితే, "ఇలాంటి మొగుడు దొరికితే నేనింకోసారి పెళ్ళి చేసుకుంటా" అనేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కొత్త జాకెట్టుకి కొలత తీస్తూ గలగల చెయ్యి పైకెత్తాను. భుజం కింద కమిలిన నాలుగు వేళ్ళ అచ్చులు, అంచులు పచ్చబడిన నాలుగు వేళ్ళు.

"మిషను చక్రం తగిలిందక్కా," అంది, నేనడగకముందే.

చక్రానికి వేళ్ళుంటాయా? పొద్దంతా చక్రం తిప్పేదాన్ని, నాకు తెలియదా? కానీ అడిగితే సిగ్గుపడుతుందేమో అనుకున్నాను. ఎర్ర దారం తీసి, చెయ్యి ముడి విప్పి, రెండు వేళ్ళు కిందికి దించి మళ్ళీ వేశాను. ఆ జాకెట్టు ఆ మచ్చలను కప్పేసింది. ఎంత మంచి పని చేశానో అని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ ఏడాదిలో ఆ ముడి మణికట్టు దాకా దిగింది. నవ్వు కూడా దాంతోపాటే దిగింది. అత్తకు చెబితే, "మొగుడూ పెళ్ళాల మధ్య మనమెవరమే? పైగా అతను లేకపోతే ఈ మిషన్లెవరు చూస్తారు?" అంది. నేనూ నోరు మూసుకున్నాను.

ఒక సాయంత్రం దుకాణంలో మేమిద్దరమే మిగిలాం. గలగల నా మేకు మీది ఎర్ర దారాన్ని వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది.

"అక్కా, నేనడక్కుండానే చేతులు పొడుగు పెట్టావు. నీకు తెలుసని నాకారోజే తెలిసింది. నువ్వు అడుగుతావని చూశాను. నీలాంటిదానివి, తెలిసీ అడగలేదంటే, ఇదంతా అందరిళ్ళలో ఉండేదే కాబోలు, నాకే ఓర్పు లేదు కాబోలు అనుకున్నాను."

కత్తెర పక్కన పెట్టాను. "ఇప్పుడడుగుతున్నానే తల్లీ, చెప్పు," అన్నాను.

అది నోరు తెరిచింది. అంతలో గుమ్మంలో నూనె డబ్బా చప్పుడు.

"ఏం వదినా, బాగున్నారా? మీ చెల్లెలు ఇంకా ఇంటికి రానంటోందా?"

గలగల తల దించుకుంది. అప్పుడైనా నేను చెప్పాల్సింది. నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట: "బాగున్నాం మరిదిగారూ."

మర్నాడు నేను దుకాణం చేరేసరికి దాని మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మేకుకి ఎర్ర దారం వేలాడుతోంది. చెయ్యి ముడి నేను దించిన చోట లేదు. ఎవరో విప్పి, మోచేతికి బాగా పైన, పాత చోటే మళ్ళీ వేశారు. ఎవరో అంటున్నానే! ఆ బిగువు దానిదే. తెల్లవారుతూనే యజమానిచేత తాళం తీయించుకుని వచ్చి, తన సూదుల డబ్బీ తీసుకుని వెళ్ళిపోయిందట.

తొమ్మిదింటికి దాని మొగుడు వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూ, "నేనేం తక్కువ చేశాను వదినా? మీరైనా చెప్పండి," అన్నాడు.

"దాని భుజం మీద నాలుగు వేళ్ళు చూశాను మరిదీ. అవి నీవే. కప్పిపెట్టింది మాత్రం నేను."

ఐదు మిషన్లూ ఆగిపోయాయి. అతను నూనె డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. నిన్న పలకాల్సిన మాట, ఇవాళ పలికాను.

ఆ వారమే ఆ దారం కొలతకి ఒక పొట్టిచేతుల జాకెట్టు కుట్టాను. వస్తుందని చూశాను. రోడ్డు మీద ఎవరైనా పెద్దగా నవ్వితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి వెళతాను. నువ్వూ మీ అమ్మా నన్ను చూసి నవ్వుకునేది అందుకేనే! వెర్రిదాన్నే. ఏ ఊళ్ళో ఉందో, ఏ కిటికీ పక్కన కుడుతోందో. ఒళ్ళు చేసిందో, చిక్కిందో, ఆ కొలత ఇప్పుడు సరిపోతుందో లేదో.

అదిగో, ఆ పెట్టెలో అడుగున ఉంది చూడు ఆ జాకెట్టు, దారంతో సహా. నేను పోయాక పారేయకు. ఇది ఎవరిదని అడిగినవాళ్ళకు గలగలదని చెప్పు. మీ అమ్మమ్మ తెలిసీ అడగలేదని కూడా చెప్పు, అది దాచకు.