పక్క సీటు దూరం

ఇడాహో దాటి మోంటానాలోకి వచ్చిన దగ్గర నుంచి మా కారు వెడల్పు పెరుగుతోంది. నేను నడుపుతున్నాను. మా ఆయన వీరభద్రం పక్క సీట్లో కూర్చున్నారు. పొద్దున బయల్దేరినప్పుడు ఆయన మోచెయ్యి నా మోచేతికి తగులుతూ ఉంది. ఇప్పుడు నా పక్కనున్న కాఫీ ఫ్లాస్కు కావాలంటే ఆయన బెల్టు విప్పుకుని రెండడుగులు నడిచి రావాల్సి వస్తోంది.

రోడ్డు మాత్రం వెడల్పవలేదు. ఒక్క బండి పట్టే కంకర రోడ్డు. మా కారు వస్తుంటే అటూ ఇటూ ఉన్న కొండలు కొంచెం పక్కకు జరిగి దారిస్తున్నాయి. వాటికి ఇబ్బందేమీ ఉన్నట్టు లేదు.

పెళ్ళై పాతికేళ్ళయిన సందర్భంగా ఈ ప్రయాణం. పెద్ద రోడ్లు వద్దు, కొండల్లో చిన్న రోడ్లమ్మట పోదాం అన్నది ఆయన కోరిక. సాయంత్రం ఆరింటికల్లా గది తీసుకున్న ఊరు చేరాలన్నది నా షరతు. నేను మందుల షాపులో పనిచేస్తాను. ఏ పూట మాత్ర ఆ పూట పడాల్సిందే నాకు. దారిలో తిండికి ఆగే పని లేకుండా పులిహోర, పెరుగన్నం, వేయించిన మజ్జిగ మిరపకాయలు డబ్బాల్లో సర్దుకొచ్చాను. అందువల్ల గంటన్నర కలిసొస్తుంది. కలిసొచ్చిన ఆ గంటన్నరా గదిలో మంచం మీద ఖాళీగా కూర్చుంటాం. మేం ఎక్కడికెళ్ళినా అంతే.

ఆయనకి లైసెన్సు లేదు. మేముండే బాయ్‌సీలో పరీక్షకి వెళ్ళినప్పుడు నడిరోడ్డు మీద కారు ఆపేశారు. పక్కన చెరువులో రెండు బాతులు దిగుతున్నాయట. పరీక్ష పెట్టే అధికారి కూడా వాటిని చూసి, బాగున్నాయని ఒప్పుకుని, ఫెయిల్ చేశాడట. ఆ రోజు నుంచి స్టీరింగు నాది. బ్రేకు కూడా నాదేనన్న సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"హైమా, ఒక్క నిమిషం ఆపవే," అంటున్నారు.

రోడ్డు పక్కన వేడినీళ్ళ గుంట ఉంది. అందులో మెడ దాకా మునిగి ఒక ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. పేపరు తడవడం లేదు, అక్షరాలు మాత్రం ఆవిరై పైకి పోతున్నాయి.

"వచ్చేటప్పుడు ఆగుదాం లెండి."

అన్నానో లేదో, కారు నేల సాగుతుంది. గేరు పక్కన గజం మేర కొత్త కార్పెట్టు పుడుతుంది. ఆయన సీటు ఆ గజమంతా అవతలికి జరుగుతుంది.

"ఇదేవిటే, నేను నీకు దూరంగా వెళ్ళిపోతున్నాను?"

"మీరు కూర్చునే ఉన్నారుగా. వెళ్ళడం ఎక్కడ?"

ఆయన కొత్త కార్పెట్టుని కాలితో తట్టి చూస్తారు. "అదీ నిజమేలే," అంటారు.

నాకు సంతోషంగా ఉంది. వాదనలో నెగ్గితే నాకెప్పుడూ సంతోషమే.

ఒక పాడుబడ్డ ఊరొస్తుంది. ఇళ్ళన్నీ రోడ్డు వారకు వచ్చి తలుపులు తెరుచుకుని నిలబడ్డాయి. ఒక ఇంట్లో పొయ్యి మీద ఏదో తాలింపు వేగుతోంది, మనుషులు లేరు. ఆపమంటారు. వచ్చేటప్పుడు అంటాను. కొండ పైనుంచి మంచు దుప్పటి మొత్తం కిందికి జారొచ్చి, తనే మడతపెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటుంది. ఆపమంటారు. వచ్చేటప్పుడు అంటాను. కంచె అవతల పెద్ద కొమ్ముల జింక ఒకటి ఆయన్ని గుర్తుపట్టి తల ఊపుతుంది. "చుట్టాలబ్బాయిని చూసినట్టు చూస్తోందే పాపం," అంటారు ఆయన. జింకల్లో మనకి చుట్టాలెవరండీ అని నేను యాక్సిలరేటరు తొక్కుతాను.

మధ్యాహ్నానికి మా ఇద్దరి మధ్య పెళ్ళి పందిరి వేసేంత చోటుంది. కార్పెట్టు మీద గడ్డి మొలిచింది. పులిహోర డబ్బా ఆయన వైపు గట్టిగా తోస్తే, సగం దూరం పోయి గడ్డిలో ఆగిపోతుంది. ఆయన అక్కడి దాకా వచ్చి, గొంతుక్కూర్చుని, చేత్తో రెండు ముద్దలు తింటారు.

"పోపు బాగా కుదిరిందే," అని కేకేస్తారు.

గాలికి ఆ మాట నా దగ్గరికి రావడానికి కాస్త టైము పడుతుంది. నేను తిరిగి "వేరుశెనగలు కొంచెం మాడాయి" అని అరిచేసరికి ఆయన తన సీటుకి వెళ్ళిపోయారు.

పెట్రోలు అయిపోవస్తోంది. దానికి మాత్రం ఆగుతాను. బంకు కుర్చీలో కూర్చున్న పెద్దావిడ లేచి, టేపు పెట్టి మా కారు కొలుస్తుంది. కొలవడానికి చాలాసేపు పడుతుంది.

"నీ మొగుడు పక్క జిల్లాలో ఉన్నాడమ్మా," అంటుంది తిరిగొచ్చి. "కులాసాగానే ఉన్నాడు. నిన్ను వేళకి మాత్రలు వేసుకోమన్నాడు."

"వచ్చేటప్పుడు మేం ఇవన్నీ చూస్తాం," అంటాను. ఆవిడ అడగకుండానే ఎందుకు చెప్పానో తెలియదు.

"ఈ రోడ్ల మీద వచ్చేటప్పుడు అనేది లేదు. మీరు వెళ్ళగానే చుట్టి లోపల పెట్టేస్తాం. వానకి పాడైపోతాయి."

షెడ్డు తలుపు తీసి చూపిస్తుంది. లోపల రోడ్లన్నీ చాపల్లా చుట్టి గోడకి నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో చీటీ. మందు సీసాల మీద నేను అంటించే చీటీలే అవి, రాత నాదే. వేడినీళ్ళ గుంట రోడ్డు అప్పుడే వచ్చేసింది, ఇంకా వెచ్చగా ఉంది. అన్నిటికంటే వెనక మారేడుమిల్లి ఘాటు రోడ్డు ఉంది. పెళ్ళైన కొత్తలో రాజమండ్రి నుంచి అద్దె కారులో వెళ్ళాం. వాగులో కాళ్ళు పెట్టుకుని కాసేపు కూర్చుందామే అని ఆయన అడిగారు. చీకటి పడితే కష్టం, పోనివ్వు బాబూ అని డ్రైవరుకి చెప్పింది నేనే. ఆ చుట్టలోంచి వాగు చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

నాకు ఏడుపొస్తోంది. ఆయన అడిగినవన్నీ నిమిషాలు. ఒక్క నిమిషం ఆపవే అని తప్ప, ఒక గంట ఆపమని ఈ పాతికేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు. ఇచ్చి ఉంటే నాదేం పోయేది?

ఈసారి ఆయన నోరు తెరవగానే ఆపేస్తాననుకుని బయల్దేరతాను. బ్రేకు మీదే కాలు పెట్టుకుని నడుపుతున్నాను. ఒక లోయ పోతుంది. ఎర్ర రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆడుకుంటున్నాయి. ఆయన ఏమీ అనరు. నది ఒకటి రోడ్డుకి ఎదురొచ్చి, మాకు దారిచ్చి, మళ్ళీ రోడ్డెక్కుతుంది. ఆయన ఏమీ అనరు. చూస్తున్నారు, అంతే. అడగడం మానేశారు.

"ఏవండీ, ఆపమంటారా?" అని అరుస్తాను.

దూరంగా ఆయన నాకేసి తిరిగి, నీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపుతారు. ఆ చెయ్యి ఊపడంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపమైతే నాకు తీర్చడం తెలుసు.

ఇక ఉండబట్టలేక బ్రేకు తొక్కేస్తాను. నా సగం కారు ఆగుతుంది. ఇంత దూరమయ్యాక నా బ్రేకు ఆయన సగానికి అందదు కదా, అది ఆగదు. రెంటి మధ్యా గడ్డి నేల ఏ చప్పుడూ లేకుండా రెండుగా విడిపోతుంది. ఆయన సీటు, కిటికీ, రెండు చక్రాలు మైదానంలోకి దొర్లిపోతున్నాయి. వెనక్కి చూడమని పేరు పెట్టి పిలుస్తాను. పాతికేళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. అది తనకి కాదనుకున్నారేమో, ఆయన తిరగరు.

మైదానం చివర ఒక కొండ నడుం వంచుతుంది. ఆయన్ని సీటుతో సహా ఎత్తి భుజం మీద పెట్టుకుంటుంది. తర్వాత లేచి నడవడం మొదలుపెడుతుంది. ఆయన చెయ్యి చాపిన చోట ఆగుతుంది. ఆయన తృప్తిగా చూసుకున్నాక, తల ఊపితే కదులుతుంది. ఎక్కడికి వెళ్ళాలో, ఎన్నింటికి చేరాలో ఆ కొండ అడగడం లేదు.

నా సగం కారు రెండు చక్రాల మీద బాగానే నడుస్తోంది. కొండ ఏ దారిన వస్తుందో చూసుకుని, అడ్డదారిన దానికంటే ముందుకెళ్తాను. ఆయన ఎక్కడ ఆపమంటారో నాకు తెలుసు. అలాంటి చోట్లన్నీ దాటించుకుంటూ వచ్చింది నేనే. అటువంటి చోటే ఒకటి చూసుకుని, కారు దిగి, బండ ఎక్కి నిలబడతాను.

జడ విప్పుతాను. జుట్టులోంచి నీళ్ళు దిగుతాయి. ముందు చెంబెడు, తర్వాత బిందెడు, తర్వాత లెక్క లేకుండా జలపాతమై. భుజాల మీద నాచు పడుతోంది. వేళ్ళ సందుల్లో చేపలు ఎదురీదుతున్నాయి. చున్నీ జారి లోయంతా ఊదారంగు పూలై పరుచుకుంటుంది. ఎండ సరిగ్గా పడేలా కొంచెం పక్కకి తిరుగుతాను. నడుం దగ్గర ఇంద్రధనుస్సు పడుతుంది.

కొండ దగ్గరకొచ్చేస్తోంది. నేల అదురుతోంది. ఆయన ఇంకా అవతలి వైపే చూస్తున్నారు. నేను ఇంకాస్త ఎత్తు నుంచి పడతాను.