కోమలి పేరు మీద పిస్తోలు

“ఈ ప్యాంటు జేబు లోతెంతుందో కాస్త కొలిచి చెప్పు,” అన్నాడు వంశీధర్, ఆదివారం పొద్దున్న కోమలి ఇస్త్రీ చేస్తుంటే.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి కొలిచింది. ఆరున్నర అంగుళాలు. ఎందుకని అడిగితే, “నీ పిస్తోలుకి,” అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా. “మామూలు జేబైతే బరువుకి సాగిపోతుందట. లోపల ఇంకో పొర మందం గుడ్డ వేసి కుట్టు. ఇప్పటికి నాలుగు ప్యాంట్లకి చాలు.”

ఇంకా కొనకపోయినా పిస్తోలు ఆమెది. లైసెన్సు మీద ఫోటో ఆమెది, సంతకం ఆమెది, వేలిముద్రలు ఆమెవి. జేబు మాత్రం ఆయనదన్నమాట. కోమలికి చురుక్కుమంది. కానీ చొక్కా సగం ఇస్త్రీలో ఉంది, పొయ్యి మీద కుక్కరు మూడో కూతకి వచ్చింది, పూజగదిలోంచి అత్తగారు అనంతలక్ష్మి “కోమలీ, పూలు తెచ్చావా?” అని రెండోసారి అడుగుతోంది. ఈ ఇంట్లో ఆమెకి కోపం వచ్చే వేళకి ఎప్పుడూ ఏదో ఒకటి పొయ్యి మీద ఉంటుంది. వెళ్ళి స్టవ్ తగ్గించింది.

మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని జేబులు కుడుతూ తన సంగతి ఆలోచించుకుంది. నలభై ఒక్కేళ్ళ బతుకులో ఆమె బట్టలకి జేబన్నది లేదు. చీరకి లేదు, టైలరు కుట్టే చుడీదారుకి లేదు. ఇంటి తాళంచెవి బొడ్లో, ఫోను చేతిలో, మిల్లుకి వెళ్తే అన్నీ హ్యాండ్‌బ్యాగులో. ఆ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి చిల్లర తీసుకునే హక్కు ఇంటిల్లిపాదికీ ఉంది. ఆయన జేబులో ఆమె చెయ్యి పెట్టేది ఉతికే ముందు మాత్రమే.

సూరత్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. వంశీధర్ హజీరాలో ఒక పెద్ద ప్లాంటులో మేనేజరు. కోమలి పల్సానాలో బట్టలకి రంగులద్దే మిల్లులో క్వాలిటీ చూస్తుంది. అడాజన్‌లో ఫ్లాటు ఆమె పేరు మీదే ఉంది, ఎందుకంటే ఇక్కడ ఆడవాళ్ళ పేరున కొంటే రిజిస్ట్రేషను ఫీజు ఉండదు. కారు కూడా ఆమె పేరు మీదే. పార్టీలకి వెళ్ళినప్పుడల్లా వంశీధర్ గ్లాసెత్తి, “మా ఇంట్లో అంతా మేడం గారిదేనండీ, నేను అద్దెకుంటున్నాను,” అంటాడు. అందరూ నవ్వుతారు. కోమలి కూడా నవ్వుతుంది, నవ్వకపోతే ఇంటికొచ్చాక “నీకు సరదా తెలీదు” అన్న మాట పడాలి. ఫ్లాటు కాగితాలున్న లాకరు నంబరు ఆమెకి ఇవ్వాళ్టికీ తెలియదు.

ఆమెకి లైసెన్సు రావడానికి కారణమైన సంగతి ఏడాదిన్నర కిందట జరిగింది. రంగులు సప్లయి చేసే ఒకడి డ్రమ్ముల్లో కల్తీ ఉందని కోమలి మూడుసార్లు వెనక్కి పంపింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం మిల్లు నుంచి వస్తుంటే, కడోదరా కూడలి ఇంకా రాకముందే, రెండు బైకుల మీద ముగ్గురు వచ్చి కారుకి అడ్డంగా ఆగారు. పక్క సీట్లో లత ఉంది. ఫోల్డింగ్ సెక్షన్‌లో పనిచేసే జగిత్యాల పిల్ల, కడోదరా దాకా లిఫ్ట్ ఇస్తుండేది. ఒకడు వచ్చి అద్దం మీద అరచేత్తో కొట్టాడు. నవ్వుతూనే అడాజన్‌లో ఇల్లు ఏ అంతస్తో చెప్పాడు, ఆమె తెల్లారి ఎన్నింటికి బయల్దేరుతుందో చెప్పాడు, సరుకు పాస్ చెయ్యమన్నాడు. వెనక లారీ వాడు హారను కొడితే పక్కకి తప్పుకున్నారు. కోమలి కడోదరా వరకూ ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. లత ఆమె మోకాలి మీద చెయ్యి వేసి తియ్యలేదు.

ఇంటికొచ్చి చెప్తే వంశీధర్, “అద్దం దించలేదుగా, మరి ఏమైందిప్పుడు?” అన్నాడు. “నువ్వెప్పుడూ గోరంత ఉంటే కొండంత చేస్తావు. ఎవడో రోడ్డు మీద ఏదో వాగితే దానికి పోలీసులా? కాస్త చూసీ చూడనట్టు పాస్ చేస్తే నీ సొమ్మేం పోయింది?” అనంతలక్ష్మి అన్నం వడ్డించుకుంటూ, “ఉద్యోగాలు లోకంలో ఎంతమంది చెయ్యట్లేదు, నీకే ఎందుకొస్తాయమ్మా ఇలాంటివి?” అంది. ఆ ప్రశ్న కోమలిని నెలల తరబడి తొలిచింది. నాకే ఎందుకు. దారి మార్చుకుంది, బయల్దేరే టైము మార్చుకుంది, ఎర్ర దుపట్టా వేసుకోవడం మానేసింది. ఇంట్లో మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ సప్లయరు సరుకు మాత్రం పాస్ చెయ్యలేదు.

ఈలోగా వంశీధర్‌కి పిస్తోలు పిచ్చి పట్టింది. శనివారాలు అతను కలిసి తిరిగే స్నేహితుల్లో ఇద్దరు నడుముకి పెట్టుకుని వస్తారట. హోటల్లో కూర్చునేటప్పుడు చొక్కా కొంచెం పక్కకి జరుగుతుందట, వెయిటరు కూడా మర్యాదగా వంగుతాడట. అతనూ దరఖాస్తు పెట్టాడు. నీకెవరి నుంచి ప్రాణభయం అని అడిగారు. చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు. కాగితం తిరిగొచ్చింది.

అప్పుడు వచ్చాడు కోమలి దగ్గరికి. ఆమె చిక్కుళ్ళు వలుస్తుంటే పక్కన కూర్చుని, ఎంతో మెత్తగా, “ఆ రోజు పల్సానా రోడ్డు మీద ఏం జరిగిందో మొత్తం చెప్పు,” అన్నాడు. ఆ మాట కోసం ఆమె ఏడాదిగా ఎదురుచూస్తోంది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. అతను వింటూ ఫోన్లో ఏదో రాసుకున్నాడు. నమ్మాడు, ఇన్నాళ్ళకి నమ్మాడు అనుకుంది. ఆ వారమంతా అతనికిష్టమైనవన్నీ వండింది. ఇప్పుడు తల్చుకుంటే ఆ వండిన చేతుల్ని చూసుకున్నా ఆమెకి సిగ్గేస్తుంది.

దరఖాస్తు ఆమె పేరు మీద వెళ్ళింది. పోలీసు స్టేషన్‌లో మూడుసార్లు చెప్పించారు. రెండోసారి వంశీధర్ పక్కనుండి, “ముగ్గురు కాదు సార్, అయిదుగురు,” అని దిద్దాడు. ఆమె, “ముగ్గురే,” అంది. బయటికొచ్చాక, “నీకు బుర్ర లేదు,” అన్నాడు. లత సగం రోజు పని మానుకుని వచ్చి సాక్ష్యం చెప్పింది. డాక్టరు సర్టిఫికెట్ అయింది. తుపాకీ పట్టుకోవడం నేర్పే శిక్షణ కూడా కోమలే చేసింది. మొదటి రోజు చెవులు దిబ్బళ్ళు పడ్డాయి గానీ, చెయ్యి వణకలేదు. చివరి రోజు అయిదు గుండ్లలో నాలుగు గురి అట్ట మధ్యలో పడ్డాయి. నేర్పినాయన గుజరాతీలో చెల్లెల్ని పిలిచినట్టు, “బెన్, మీ చెయ్యి నిలకడ,” అన్నాడు. ఇంట్లో చెప్తే వంశీధర్, “మొదట్లో అందరికీ పడతాయి,” అన్నాడు. లైసెన్సు వచ్చిన రోజు మిఠాయి తెచ్చి స్నేహితులకి పంచాడు.

సోమవారం మిల్లులో లత ఎదురొచ్చింది.

“లైసెన్స్ వచ్చిందట గద మేడం. జర నాక్కూడ చూపియ్యున్రి, ఎన్నడు చూడలే.”

“ఇంకా కొనలేదు లతా. రేపు సెలవు పెట్టి వెళ్తున్నాం.”

“మరి గా పిస్తోలు ఎవలి దగ్గరుంటది? మీ దగ్గర్నా, సార్ దగ్గర్నా?”

“లైసెన్సు నా పేరు మీద కదా.”

“పేరు సంగతి గాదు మేడం. ఫోన్ నా పేరు మీదనే ఉంది. మోగితే మా ఆయన్నే ఎత్తుతడు, ఎవలని ఆయన్నే అడుగుతడు.” లత చేతిలో మడిచిన గుడ్డ సర్దుకుంది. “ఠాణాల నేను గిట్లనే చెప్పొచ్చిన, మా మేడం చేతిల ఉండాలె అని. ఇంకొకల చేతిలకి పోతదంటే నేనెందుకు పోతుంటి?”

నాలుగు ప్యాంట్లకి జేబులు కుట్టిన సంగతి కోమలి ఆ పిల్లకి ఏ మొహంతో చెప్తుంది?

మంగళవారం వెళ్ళిన తుపాకుల దుకాణం చౌక్ బజార్ వైపు పాత మేడ కింద ఉంది. యజమాని డెబ్బై దాటిన పార్సీ పెద్దాయన. లైసెన్సులో కోమలి ఫోటో చూశాడు, కోమలిని చూశాడు, ఆ తర్వాత వంశీధర్ వైపు తిరిగి హిందీలో, “ఏం చూపించమంటారు సాహెబ్?” అన్నాడు. ఆమెకి కుర్చీ, చాయ్ వచ్చాయి. మాటలన్నీ వంశీధర్ వైపే వెళ్ళాయి.

ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడు పెట్టాడు. ఒకటి గుప్పెట్లో దాగేంత చిన్న రివాల్వరు, నగల పెట్టెలాంటి పెట్టెలో మఖమల్ మీద పడుకోబెట్టి ఉంది. “ఆడవాళ్ళ కోసం,” అన్నాడు పెద్దాయన. రెండోది పల్చని నల్ల పిస్తోలు. మూడోది కొంచెం పెద్ద రివాల్వరు, తూటాలుండే చక్రం దగ్గర లావుగా ఉంది. వంశీధర్ కళ్ళు పల్చనిదాని మీదే ఉన్నాయి. ఖాళీదేనని అడిగి నిర్ధారించుకుని జేబులో వేసుకున్నాడు. దుకాణంలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు, కూర్చున్నాడు, లేచాడు, అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాడు. “చూడు, ఏమన్నా తెలుస్తోందా?” అని కోమలిని అడిగాడు. అచ్చం సూటు కొలతలు చూసుకుంటున్నట్టే. జేబు సాగలేదు. కుట్టు గట్టిగానే వేసింది.

“ఇదే ఖాయం,” అన్నాడు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. “ఇక్కడో సంతకం పెట్టు. ఏజెంటు టైపు చేయించాడు. వట్టి ఫార్మాలిటీ.”

కోమలి చదవకుండా పెట్టిన సంతకాలు ఈ పద్నాలుగేళ్ళలో ఎన్నో ఉన్నాయి. ఈసారి చదివింది. లైసెన్సుదారు తరఫున ఆయుధం మోయడానికి ఇంకో మనిషిని అనుమతించమని అర్జీ. దాన్ని రిటైనర్ అంటారట. రిటైనరు పేరు దగ్గర వంశీధర్. కారణం దగ్గర రెండు వరుసలు: అర్జీదారు స్వభావరీత్యా పిరికిది, లేని ప్రమాదాలు ఊహించుకుని కంగారుపడే అలవాటుంది, కనుక ఆయుధం ఆమె చేతిలో ఉండడం క్షేమం కాదు.

ఆమె ఫైలు మొదటి పేజీకి తిప్పింది. అక్కడ, అదే ఏజెంటు, అదే మిషను మీద టైపు చేయించిన కాగితంలో, ఆమెకున్న ప్రమాదం నిజమైనది, తక్షణమైనది, నమ్మదగ్గది. ఒకే ఫైలు. ముందు కాగితంలో ఆమె భయం నిజం, వెనక కాగితంలో ఆమె భయం జబ్బు. లైసెన్సు కావాల్సినప్పుడు నమ్మారు, పిస్తోలు కావాల్సినప్పుడు నమ్మడం మానేశారు. చిక్కుళ్ళు వలుస్తూ తను ఏడ్చిన ఏడుపుని ఈయన ఫోన్లోకి ఎక్కించుకుని దరఖాస్తు చేసుకున్నాడు. కోమలికి అరవాలనిపించింది. ఎదురుగా పెద్దాయన చాయ్ కప్పు పక్కకి జరిపి, పెన్ను మూత తీసి ఆమెకి అందిస్తున్నాడు. ఆ పెన్ను తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

“నేను పట్టుకుని చూడాలి,” అంది హిందీలో, పెద్దాయనతో.

“నీకెందుకు,” అన్నాడు వంశీధర్ తెలుగులో, నవ్వుతూ. “గోళ్ళు విరుగుతాయి.”

ఆమె ముందు బుల్లి రివాల్వరు తీసుకుంది. పిడి మీద మూడు వేళ్ళే పట్టాయి, చిటికెన వేలు గాల్లో ఉంది. ఇంత చిన్నది పేలితే చేతిలో ఎగిరిపడుతుందని శిక్షణలో చెప్పారు. పల్చనిది పట్టుకుంది, అది సన్నగా అరచేతిలో జారుతోంది. మూడోది తీసుకుంది. బరువుంది. పిడి చెయ్యంతా నిండింది, నాలుగు వేళ్ళూ చుట్టుకున్నాయి. గోడ వైపు చాచి పట్టుకుని, మనసులో ముప్పై లెక్కపెట్టేదాకా దించలేదు.

పెద్దాయన మొదటిసారి ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. “మీరు నేర్చుకున్నారు బెన్.”

“ఇదే రాయండి,” అంది కోమలి.

“పిచ్చా నీకు?” వంశీధర్ గొంతు తగ్గించాడు. “అంత లావుది జేబులో పెడితే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.”

“నాకు జేబు లేదుగా,” అంది.

పెద్దాయన ఇద్దర్నీ చూశాడు. తర్వాత రిజిస్టరు తెరిచి నెమ్మదిగా ఆమె పేరు, లైసెన్సు నంబరు, ఆయుధం నంబరు రాశాడు. ఆమె తన కార్డుతో కట్టి, రిజిస్టరులో సంతకం చేసింది. రిటైనరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. దాని మీద సంతకం లేదు, ఇక ఉండదు. వారంలోపు స్టేషన్‌లో చూపించి నమోదు చేయించుకోవాలని పెద్దాయన చెప్తే, “ఇప్పుడే వెళ్తున్నాను,” అంది.

బయట ఎండ మండిపోతోంది. కారు తలుపు తీశాక వంశీధర్ నవ్వు తెచ్చుకున్నాడు. పార్టీల్లో నవ్వే నవ్వు.

“సరేలే, నీ ముచ్చటే కానిచ్చావు. స్టేషనూ గీషనూ రేపు నేను చూసుకుంటాను. ఇలా ఇవ్వు,” అని చెయ్యి చాచాడు. ఇవ్వదన్న అనుమానం ఆ చేతికి ఏ కోశానా లేదు.

కోమలి పెట్టెని రెండు చేతులతో పట్టుకుంది.

“కుదరదండీ, లైసెన్సు లేనివాళ్ళ చేతికిస్తే నేరం.”

“మొగుడికిస్తే నేరమేమిటే?”

“నా పేరు మీద కొన్నవన్నీ మీకే ఇచ్చానండీ,” అంది ఆమె. “మీ చేతికిస్తే నేను జైలుకి వెళ్ళే వస్తువు మన ఇంట్లో ఇదొక్కటే. ఇవ్వను.”