గవ్వకు పొగ పడదు

నేను కాపురానికి వచ్చిన మాఘమాసంలోనే గవ్వ కూడా ఆ ఇంటికి వచ్చింది. నేను గుంటూరు నుంచి దొనకొండ దాకా రైల్లో, అక్కడి నుంచి ఎద్దులబండిలో, ఇంటర్మీడియట్ పుస్తకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని దిగాను. అది వెలిగొండ దిగువ నుంచి మెడకు పగ్గాలతో, నలుగురు మగవాళ్ళను ముళ్ళకంపల్లో ఈడ్చుకుంటూ వచ్చింది. ఊరంతా దాన్నే చూడటానికి పోయింది. నన్ను చూడటానికి మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు.

ఎప్పుడో కరువునాడు బండ్లవాళ్ళు మేపలేక ఆ కొండకింద వదిలేసిన గుర్రాలు అక్కడే ఈని, మనిషి చెయ్యి తగలకుండా పెరిగాయట. వాటిలో ఒకదాన్ని పట్టి, మచ్చిక చేసి, జట్కాకు అలవాటు చేసి అమ్మాలని ఆయన పంతం. మా వైపు భర్త పేరు ఆడవాళ్ళు నోటితో పలకరు, నాకు కాగితం మీద కూడా చెయ్యి రాదు. కనుక ఆయన అంటే ఆయనే.

గవ్వకు ఎర్రమట్టి రంగు ఒళ్ళు, నుదుట గవ్వంత తెల్లమచ్చ. ఆ పేరు పెట్టింది నేనే.

మా మామగారు మల్లయ్యకు ఈ గుర్రాల పిచ్చి గిట్టదు. నేను వచ్చిన మర్నాడే పంచలో కూర్చుని, చుట్ట వెలిగించి, నాకూ వినపడేటట్టు కొడుకుతో అన్నాడు.

"ఉగాది లోపల అది జట్కాకు నిలబడితే నీ ఇష్టం. లేదంటే దాన్ని కొండకు తోలేసి నువ్వు మార్కాపురం పో. పలకల గనిలో మీ మామకు గుమాస్తా కావాలంట."

ఆయన తల ఊపాడు. గుర్రాల గురించి చెప్పేటప్పుడు ఆయన చేతులు గాలిలోనే మెడను, జూలును, వీపును దిద్దుతాయి. గని సంగతి ఎత్తితే అవే చేతులు పంచె అంచులోకి పోయి దాక్కుంటాయి. అది చూశాక నాకు ఉగాది అంటే పచ్చడి గుర్తుకు రావడం మానేసింది.

మొదట్లో ఆయన చేసిన పని చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. చేను చివర కొట్టంలో గవ్వను కట్టేసి, దానికి వీపు తిప్పి నేలమీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకు తినడం. అంతే. చూడకూడదు, పిలవకూడదు, చెయ్యి చాపకూడదు. నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఒలిచిన గింజల్లో లావువి ఏరి నా అరచేతిలో పెట్టేవాడు. ఏ పనీ లేకుండా కొత్త మొగుడి పక్కన కూర్చుని శనక్కాయలు తినడంలో ఎంత సుఖముందో ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఒకరోజు నా మెడ వెనక వెచ్చటి గాలి తగిలింది. కదలొద్దని ఆయన కళ్ళతోనే చెప్పాడు. గవ్వ నా జడ వాసన చూసింది, ఆయన భుజం వాసన చూసింది, చివరికి ఆయన చేతిలోని బెల్లంముక్క పెదవులతో అందుకుంది. నేను ఉండబట్టలేక, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! ఆ కళ్ళు చూడండి" అన్నాను.

అప్పుడే గురమ్మ పెద్దత్త ఉలవగుగ్గిళ్ళు పట్టుకొచ్చింది. ఆ మాట విని ఆగింది. నన్ను ఒకసారి, గవ్వను ఒకసారి చూసి, తట్ట కింద పెట్టి వెళ్ళిపోయింది.

పెద్దత్త అంటే ఆయన పెద్దమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే ఈమే పెంచింది. తెల్లచీర, బొడ్లో ముక్కుపొడి డబ్బీ. ఎన్నో ఏళ్ళుగా పీల్చి పీల్చి ఆమె ముక్కు చచ్చిపోయింది. పొయ్యిమీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొట్టినా పక్కనే కూర్చుని కూర తరుగుతూ ఉంటుంది. నాతో మాట్లాడేది తక్కువ. ఉదయం జడ వేసే నెపంతో దగ్గరికి పిలిచి, మసి వేలు నా చెవి వెనక తుడిచి పంపుతుంది. ఆ మరక ఆయన చూసి నవ్వుతూ తుడిచేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమెకు చెయ్యి తుడుచుకోవడానికి ఇంట్లో వేరే గుడ్డ లేదా?

పైగా, నన్ను చూడటానికి వచ్చిన పక్కింటి యల్లమ్మతో ఆమె అన్న మాట వంటింట్లోంచి నా చెవిన పడింది.

"ఏముందిలే. కట్టెపుల్ల. నోరొకటి పెద్దది."

గుంటూరులో నా జడ చూసి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆ రోజు నుంచి పెద్దత్త మీద ఒక కన్ను వేసి ఉంచాను.

గవ్వ మాత్రం రోజురోజుకీ దారికి వచ్చింది. ముందు గోనెసంచితో ఒళ్ళంతా రుద్దనిచ్చింది. తర్వాత కళ్ళెం పట్టనిచ్చింది. వెనక చప్పుడుకు బెదరకుండా ఉండాలని చిన్న దుంగ కట్టి చేనంతా తిప్పితే, బెదరలేదు సరికదా, ఆ దుంగను ఎవరికో చూపించుకుంటున్నట్టు తల ఎత్తుకుని నడిచింది. నేను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాన్ని మెచ్చుకున్నాను. కళ్ళు, తోక, నడక, చివరికి తుమ్ము కూడా.

ఫాల్గుణం వచ్చేసరికి అంతా చెడింది.

సాయంత్రం చెప్పినట్టు విన్న గుర్రం తెల్లారేసరికి కొత్తదైపోయేది. కళ్ళలో నీళ్ళు, ముక్కు చీదడం, గుంజ చుట్టూ తిరిగి పగ్గం చిక్కు వేసుకోవడం. ఆయన దగ్గరికి పోతే వెనక్కి వెనక్కి జరిగేది. మధ్యాహ్నానికి మళ్ళీ దారికి తెస్తాడు. మర్నాడు మళ్ళీ మొదలు. ముందురోజు నేర్పింది ఎవరో పలక మీద రాత చెరిపినట్టు చెరిపేస్తున్నారు.

"అడవి రక్తం. అది మారదురా" అన్నాడు మామగారు పంచలోంచి. ఆ గొంతులో నాకు తృప్తి వినపడింది.

తలంటు పోసుకున్న ఒకనాడు సాంబ్రాణి నిప్పులు ఉన్న మూకుడు పట్టుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ కొట్టం వైపు వెళ్ళాను. గవ్వ ఆ పొగ చూడగానే నిలువునా లేచి, గుంజ ఊడేటట్టు గుంజింది. మూకుడు అక్కడే వదిలి పరుగెత్తాను. అప్పుడు తట్టింది. దీనికి భయం మనిషంటే కాదు, పొగంటే. ఈ ఇంట్లో పొగ ఎవరి నోట్లో ఉంటుంది?

చుట్ట. మామగారి చుట్ట.

గుర్రం బెదిరితేనే కదా కొడుకు గనికి పోయేది. గోనెసంచితో రుద్దే నెపంతో గవ్వ ఒళ్ళంతా వెతికాను, కాలిన మచ్చ కోసం. కనపడలేదు. తెలివైనవాడు, మచ్చ పడనివ్వడు అనుకున్నాను. సందె పడగానే, ఆయన ఎద్దులను బావి దగ్గరికి తోలుకుపోయిన సమయంలో, మామగారు అటూ ఇటూ చూసుకుంటూ కొట్టం వైపు నడవడం కూడా కనిపెట్టాను. అన్నం వడ్డిస్తూ మామగారి చేతివేళ్ళకు బూడిద ఉందేమోనని చూసేదాన్ని. మంచినీళ్ళు అడిగితే, ఎందుకు అడిగాడా అనిపించేది.

చివరికి నా మొగుడితో చెప్పాను. ఆయన ఉలవలు కడుగుతున్న చెయ్యి ఆపాడు.

"మా నాయన కోపిష్టి. ఎదురుగా తిడతాడు, అవసరమైతే కొడతాడు. చాటుగా ఏదీ చేసి ఎరగడు" అన్నాడు. ఆ మధ్యాహ్నం శనక్కాయలు ఒలిచాడు గానీ నా చేతిలో పెట్టలేదు. తానే అన్నీ తిన్నాడు. కళ్ళతో చూస్తే తప్ప ఈ కాపురం కుదుటపడదని నిశ్చయించుకున్నాను.

మార్కాపురం స్టేషన్ దగ్గర జట్కాలు నడిపే మస్తానయ్య గుర్రాన్ని చూడటానికి మర్నాడు సాయంత్రం వస్తానని కబురు చేశాడు. ఆ సందెవేళ దీపాలు పెట్టి, ఎవరూ చూడకుండా పోయి కొట్టం పక్కన జొన్నచొప్ప వామి వెనక కూర్చున్నాను. ఒళ్ళంతా దురద.

ముందు వచ్చింది మామగారే. నోట్లో చుట్ట ఉంది. మామగారు కొట్టం బయటే ఆగి చుట్టను రాతికి రాసి ఆర్పి, చెవి సందున పెట్టుకున్నాడు. వెనక్కి చూశాడు. పంచె మడతలోంచి బెల్లంముక్క తీసి గవ్వకు పెట్టాడు. నుదుటి మీద మచ్చను బొటనవేలితో రాసి, "మా వాని పరువు తీయబాకమ్మా" అన్నాడు మెల్లగా. వచ్చినంత దొంగతనంగానూ వెళ్ళిపోయాడు.

నాకు లేచి పోవాలనిపించింది. ఇంతలో తెల్లచీర.

గురమ్మ పెద్దత్త ఒక చేత్తో నిప్పులున్న మూకుడు, ఇంకో గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని వచ్చింది. మూకుడు గవ్వ కాళ్ళముందు పెట్టి, గుప్పిలి దాని మొహం చుట్టూ తిప్పసాగింది.

"ఇరుగు కండ్లు, పొరుగు కండ్లు, దోవన పోయేటోళ్ళ కండ్లు, మా చదువుకున్న కోడలి కండ్లు, అన్నీ ఈ మంటలో పడి మాడిపోవాల."

గుప్పెడూ నిప్పుల్లో పోసింది. చిటపటలాడి పొగ లేచింది. గవ్వ తుమ్మి, దగ్గి, పగ్గం తెంపుకోబోయింది. వామి వెనక నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను, కళ్ళలోంచి ధారలు. సందెకు ఊళ్ళో ప్రతి ఇంట్లో మిరపకాయ పోపు ఘాటే కనుక ఇన్నాళ్ళూ ఈ ఘాటు ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దత్త మాత్రం మూకుడు మీదికి వంగి, ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మనవాళ్ళ లెక్క.

"ఇంత గూడ ఘాటు లేదే. ఎంత దిష్టి తగిలిందో నా తల్లికి" అని కొంగు ముడిలోంచి ఇంకో గుప్పెడు తీసి వేసింది.

బావి దగ్గర ఆయనకు ఇదంతా చెప్పాను. ముందు మామగారి బెల్లం సంగతి చెప్పాను, అది బాకీగా ఉంది కనుక. మిరపకాయల దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వలేక బావి గట్టు పట్టుకుని కూర్చున్నాడు. నవ్వు అయ్యాక మొహం దిగులుగా పెట్టాడు. పెద్దమ్మను వద్దంటే వినదు, చాటుగా ఇంకో రెండు గుప్పిళ్ళు తీస్తుంది. ఆమె ముక్కు పనిచేయదని చెబితే అన్నం మానేస్తుంది. మరేం చేయాలి అన్నాను.

"నువ్వు మెచ్చుకోవడం మానెయ్ రత్నం. మానితే చాలదు, తిట్టాల."

ఆ సాయంత్రానికే మస్తానయ్య వస్తాడనగా, తెల్లవారి ఉలవల తట్ట నేనే ఎత్తుకుని పెద్దత్త వెంట నడిచాను. కొట్టం ముందు నిలబడి, గవ్వ ముద్దు మొహం చూస్తూ, గుండె రాయి చేసుకున్నాను.

"ఏం గుర్రం పెద్దత్తా ఇది. ఈ మొహం కంటే గాడిద మొహం నయం కదా."

పెద్దత్త ముక్కుపొడి తీయబోయిన చెయ్యి ఆపి నన్ను చూసింది. నేను వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఆమె పళ్ళు కనపడ్డాయి.

"కాళ్ళు చూడు, రోకళ్ళు" అంది.

"తోక చూడండి, అరిగిన చీపురు."

"చెవులా అవి? చేటలు."

ఇద్దరం అక్కడే కూర్చుని చాలాసేపు గవ్వను తిట్టాం. ఎవరినైనా అంత ప్రేమగా తిట్టడం నేను అప్పటిదాకా చేయలేదు. లేచేటప్పుడు ఆమె ఇంట్లోంచి దీపపు మసి తెచ్చి గవ్వ దవడ మీద చుక్క పెట్టింది. ఆ వేలు ఎంత మెత్తగా తగిలిందంటే, రాత్రి ఘాటుకు ఇంకా చీదుతున్న గవ్వ కళ్ళు సగం మూసింది. నాకు నా చెవి వెనక చురుక్కుమంది.

సాయంత్రం మస్తానయ్య తన జట్కా తెచ్చి చేలో నిలిపాడు. అతను తన గుర్రాన్ని విప్పితే, మా ఆయన గవ్వను తెచ్చి రెండు కర్రల మధ్య నిలబెట్టి పట్టీలు బిగించాడు. గవ్వ చెవులు అటూ ఇటూ ఆడించింది, చర్మం ఒకసారి వణికించింది, నిలబడింది. మామగారు పంచలో చుట్ట వెలిగించకుండానే పట్టుకుని కూర్చున్నాడు. మస్తానయ్య చుట్టూ తిరిగాడు.

"భలే గుర్రం మల్లయ్యన్నా. ఏం నడుము, ఏం కండ్లు. స్టేషన్లో దీని పక్కన ఒక్కటీ ఆనదు. ఊరు ఊరంతా దీన్నే చూస్తది పో."

పంచలో కూర్చున్న పెద్దత్త దిగ్గున లేచింది. వంటింటి వైపు తిరిగింది. పొయ్యిలో నిప్పులు ఉన్నాయని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు, కానీ పగ్గం వదిలి రాలేడు. కొత్త కోడలు పరాయి మగవాడి ముందు, మామగారి ముందు నోరు విప్పకూడదు. గడపలో నిలబడి గట్టిగా అన్నాను.

"ఏం కండ్లులే అన్నా, ఊరు చూసేంత. ఎలకమొహం, చేట చెవులు. మా పెద్దత్త పెట్టిన ఉలవల పుణ్యాన నిలబడింది గానీ, దీన్ని చూసి కుక్క గూడ మొరగదు."

ఆయన గవ్వ మెడలో మొహం దాచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. మామగారు నన్ను చూసిన చూపుకు నేను తలుపు చాటుకు జరిగాను. వంటింటి గడపలో ఆగిన పెద్దత్త ఒక్క క్షణం ఆలోచించి, "అదీ మాట" అని వెనక్కి వచ్చి కూర్చుంది. ముక్కుపొడి డబ్బీ తీసింది.

"అమ్మేవాళ్ళే గుర్రాన్ని తిట్టేది ఇప్పుడే చూసినా" అని నవ్వి మస్తానయ్య జట్కా ఎక్కి నాలుకతో టక్కుమనిపించాడు. గవ్వ ఒక అడుగు వేసి, వెనక చక్రాల చప్పుడు విని ఆగింది. ఆయన ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చూడకుండా, జేబులోంచి శనక్కాయ తీసి ఒలిచాడు. గవ్వ కదిలింది. చేనుగట్టు దాకా పోయి, చింతచెట్టు చుట్టూ తిరిగి, గజ్జెలు మోగించుకుంటూ వచ్చి ఇంటి ముందు నిలబడింది.

ఉగాది పోయాక తోలుకుపోతానని మస్తానయ్య చెప్పి వెళ్ళాడు. మామగారు అప్పటికి చుట్ట వెలిగించాడు. గని మాట ఎత్తుతాడేమోనని నేను తలుపు సందులోంచి చూస్తున్నాను.

"ఆ కొండకింద నల్లది ఒకటి తిరుగుతా ఉందంట" అన్నాడు చేనువైపు చూస్తూ. "పగ్గాలు కొత్తవి పేనుకో. పాతవి పీలికలైపోయినాయి."

సందెకు యల్లమ్మ వచ్చింది. మగవాళ్ళ మధ్య అంత గట్టిగా మాట్లాడిన కోడలి సంగతి ఊళ్ళో అప్పుడే పాకింది కాబోలు, ఎట్లా ఉంది మీ చదువుకున్న పిల్ల అని అడిగింది.

"ఏముందిలే" అంది పెద్దత్త. "కట్టెపుల్ల. నోరొకటి పెద్దది."

వంటింట్లో నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను. యల్లమ్మ వెళ్ళాక పెద్దత్త లోపలికి వచ్చి, దీపం మీద వేలు రాసి, నా జడ పక్కకు తప్పించింది. నేను కదలకుండా నిలబడ్డాను.