చల్లగా ఉన్న రాగి

వీరభద్రానికి తన పని మీద ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. వరంగల్ బజారులో ముప్పై ఏళ్లుగా రాగిరేకు మీద దేవుళ్లను, నెమళ్లను తేల్చిన చేయి అది. అందుకే పందొమ్మిది వందల ఎనభై నాలుగు ఎండాకాలంలో రేడియో మెకానిక్ వెంకట్రాజం కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే మొదట నవ్వొచ్చింది. అడుగున అరచేతంత రాగి దిమ్మ, దాని మీద నాలుగు కడ్డీలు, కడ్డీలకు గుచ్చిన ఇరవై పలుచని రెక్కలు, పక్కన చిన్న ఫ్యాను. చూడటానికి బొమ్మ గోపురం.

“సుబేదారిల ఒక దవాఖాన ఉన్నది అన్నా. కరెంటు పోతే ఆపరేషన్ లైటు బ్యాటరీల మీద ఎలిగేటట్టు మిషన్ జేస్తున్న. దాని ట్రాన్సిస్టర్లు ఊకె కాలిపోతున్నయి. ఆ వేడిని గుంజి గాలికి ఇడిచేటందుకు గిది. అడుగు మాత్రం ఉత్త రాగే ఉండాలె, అద్దం లెక్క. ట్రాన్సిస్టర్లు దానికే బిగిస్త. పైన రెక్కలు చేతికి కాలాలె. కాలినయంటెనే పని జేసినట్టు.”

వీరభద్రం ఎనిమిది రోజులు కూర్చున్నాడు. రెక్కల మధ్య సందు ఏ మాత్రం తేడా వచ్చినా విప్పి మళ్లీ గుచ్చాడు. టంకం బొట్టు బయటికి కనబడనివ్వలేదు. అడుగును నూరి నూరి తన మొహం కనబడేదాకా తెచ్చాడు. అంతా అయ్యాక, ఎప్పటిలాగే, మొత్తం గోపురాన్ని వార్నిష్‌లో రెండుసార్లు ముంచి ఆరబెట్టాడు. పూత లేని రాగి అతని దుకాణం గడప దాటి ఎరగదు. దాటితే నెలలో నల్లబడుతుంది, పేరు పోతుంది. కంటికి కనబడని ఆ పూత అతని లెక్కలో పూతే కాదు. అడుగు ఉత్త రాగేనా అని వెంకట్రాజం అడిగితే తడుముకోకుండా తలూపాడు. మోసం కాదది, అలవాటు. మోసమైతే కనీసం భయమైనా ఉండేది.

దవాఖానలో బిగించిన రోజు పది నిమిషాలు నడిపి చూశారు. కంపౌండర్ ఎల్లస్వామి రెక్కల మీద చేయి వేసి మురిసిపోయాడు.

“ఎంత సల్లగున్నదే కాకా.”

వీరభద్రం పొంగిపోయాడు. వెంకట్రాజం మాత్రం ఆ రెక్కలను కాసేపు పట్టుకుని, “ఇంకోపారి గంటసేపు నడిపి జూడాలె,” అన్నాడు. ఆ గంట ఎవరికీ కుదరలేదు.

వానలు మొదలయ్యాక వీరభద్రం తన ఒక్కగానొక్క కూతురు భారతిని పురిటికి ఆ దవాఖానకే తెచ్చాడు. బిడ్డ కడుపులో అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదన్నారు. లోపలికి పోతూ భారతి తండ్రి చేయి వదల్లేదు.

“కరెంటు పోయినా ఫికర్ జెయ్యకు బిడ్డా. మీ నాయిన జేసిన గోపురం ఉన్నది,” అన్నాడు. ఆమె నవ్వి చేయి వదిలింది.

మబ్బులు కమ్మి మిట్టమధ్యాహ్నమే చీకటి పడింది. కరెంటు పోయింది. వరండా మూలన మిషన్ గుర్రుమంది, ఆపరేషన్ గది తలుపు కింద వెలుగు గీత మళ్లీ వచ్చింది. వీరభద్రం మిషన్ పక్కనే బల్ల మీద నిబ్బరంగా కూర్చున్నాడు.

పావుగంటకు వాసన వచ్చింది. అతనికి బాగా ఎరికైన వాసన, పాత సామాన్ల మీద వార్నిష్ కాల్చి తీసేటప్పుడు వచ్చేది. వంగి రెక్కలు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. వేలు జారి కింద ట్రాన్సిస్టర్‌కు తగిలింది. చర్మం చుర్రుమంది. పైకెక్కాల్సిన వేడంతా తన పూత దగ్గరే ఆగిపోయింది. రెక్కలు కాలాలన్న వెంకట్రాజం మాట అప్పుడు బుర్రకెక్కింది.

“ఎల్లస్వామీ, టార్చిలైటు తే, జల్ది,” అంటూ పరిగెత్తాడు. ఎల్లస్వామి బీరువా తాళం వెతుకుతుండగానే తలుపు కింద వెలుగు గీత ఆరిపోయింది. లోపల డాక్టరమ్మ లైటు లైటు అంటోంది. టార్చి లోపలికి చేరిన కాసేపటికి పసిపిల్ల ఏడుపు వినబడింది. భారతి గొంతు వినబడలేదు. రక్తం ఎక్కడినుంచి కారుతోందో ఆ చీకట్లో దొరకలేదని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది.

సాయంత్రం దాకా వీరభద్రం మిషన్ దగ్గరి నుంచి కదల్లేదు. ఎల్లస్వామి వచ్చి భుజం పట్టుకున్నాడు. పాపం, ఓదార్చాలనే వచ్చాడు.

“నీ పనిల తప్పేం లేదు కాకా. మిషనే దగా జేసింది. నువ్వే పట్టి జూడు,” అని అతని చేయి తీసి రెక్కల మీద పెట్టాడు. “నీది గింత గూడ వేడెక్కలే.”